ఆరు పసుప్పచ్చ గీతలు

నిదానానికి బండి నడపడం రాదు. ఆ మాట ముందే చెప్పేసుకుంటే ఓ పనైపోతుంది. ఎందుకంటే ఆ మధ్యాహ్నం ఆ షెడ్డులో ఒకాయన పనిగట్టుకుని మరీ అతనికి ఆ సంగతి గుర్తుచేస్తూ వచ్చాడు. పాతికేళ్ళ డిటెక్టివు పని మొత్తం బస్సుల్లో తిరిగే చేశాడు. ఏ ప్రశ్నకైనా ఓ గుక్క గాలి పీల్చుకుని గానీ జవాబివ్వడు. కుర్చీలో కూర్చునే ముందు దాని నాలుగు కాళ్ళూ చూసుకుంటాడు. అందుకే అందరూ నిదానం అని పేరు పెట్టేశారు. ఇప్పుడు వాళ్ళావిడ కూడా అలాగే పిలుస్తోంది.

అతనికి ఫోన్ చేసింది ఆసుపత్రి వరండాలోంచి ఒకావిడ. భర్త లోపల స్పృహ లేకుండా ఉన్నాడు. ఆ పొద్దున్నే తన పాత డీజిల్ పికప్పు వెనక ట్రైలర్ తగిలించుకుని, దాని మీద నాలుగు టన్నుల రోడ్డు రోలర్ పెట్టుకుని కొండ రోడ్డు దిగుతూంటే బ్రేకులు పోయాయి.

"అయ్యా, మా పిల్లని పట్టుకుపోతారట. బండి బాగోగులు చూసేది అదే కదా, బ్రేకులు సరిగ్గా చూడలేదట. ఆ బండి కిందే పెరిగిందండీ అది! కన్నతండ్రిని చంపుకుంటుందా, మీరే చెప్పండి?"

నిదానం గాలి పీల్చుకున్నాడు. "ఇవాళ రేపట్లో ఆయనకి ముఖ్యమైన పనేమైనా ఉందామ్మా?"

"రేపు పొద్దున్న కోర్టుకెళ్ళాలి, ఆ బస్సు బోల్తా పడ్డ కేసులో సాక్ష్యానికి. బస్సు బ్రేకులు చూడకుండానే చూశానని ఎవడో సంతకం పెట్టాడట. గజిబిజి సంతకం, ఎవరూ పోల్చలేకపోయారు. ఈయన మాత్రం ఎవరిదో తెలుసన్నాడు. ఎవరని అడిగితే, 'చెప్తే నీకు అన్నం సహించదే, జడ్జిగారి ముందే చెప్తాను' అన్నాడు."

ఆ చివరి మాట నిదానం మనసులో ఓ మూల కూర్చుంది.

షెడ్డుకి చేరేసరికి ఒంటిగంటా యాభై. పోలీసు స్టేషన్లో చోటు లేక, ట్రైలర్ విప్పేసి పికప్పుని దాని సొంత షెడ్డుకే లాక్కొచ్చి వాకిట్లో చుట్టూ తాడు కట్టారు. ముందు బంపరు నలిగింది, ఒక దీపం పగిలింది, ఒళ్ళంతా కంకర దుమ్ము. దాని పక్కన ఇనప స్టూలు మీద ఇరవై ఏడేళ్ళ మెకానిక్ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ చేతులకి పని లేకుండా కూర్చోవడం అలవాటు లేదని చూస్తేనే తెలుస్తోంది.

"వచ్చారా! ఇక బండి కూడా బస్సెక్కుతుంది," అన్నాడు సర్వేయరు.

ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ప్రమాదాలు తనిఖీ చేసే మనిషి అతను. నలభై దాటాయి, తెల్ల చొక్కా, మడిచిన చేతులు. ఇదివరకు రెండు కేసుల్లో ఇద్దరూ ఢీకొన్నారు. ఒకటి అతను గెలిచాడు, ఒకటి నిదానం గెలిచాడు. గెలిచిన కేసు సంగతి అతను మర్చిపోయాడు గానీ, ఓడినది మాత్రం మర్చిపోలేదు.

తాడు పక్కన నిలబడ్డ పోలీసు ఇన్స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి సర్వేయరు గారి రిపోర్టు నా చేతికొస్తుంది. నిర్లక్ష్యం అని ఉంటే ఈ అమ్మాయిని తీసుకెళ్తాను. అందాకా మీ ఇష్టం. ఏమీ ముట్టుకోకండి."

"టైములు చెప్పండి, చాలు."

"ఏడూ పదికి ఇక్కణ్ణించి బయల్దేరాడు. ఏడూ నలభై నుంచి ఎనిమిదీ ఇరవై అయిదు దాకా వేబ్రిడ్జి దగ్గర ఆగాడు. బరువు తూయించి, చీటీ కోసం లోపల వరసలో నిలబడ్డాడు. తొమ్మిదీ ముప్పై అయిదుకి ప్రమాదం. అంతే."

నిదానం గొడుగు బంపరుకి తగిలించి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఎడం పక్క ముందు చక్రం, వెనక చక్రం. తిరిగి కుడి పక్క వెనక చక్రం, ముందు చక్రం. మళ్ళీ వెనక్కొచ్చి కుడి వెనక చక్రం దగ్గర వంగాడు.

"ఆ చక్రాల నట్ల మీద పసుప్పచ్చ గీతలేమిటండీ?"

సర్వేయరు నవ్వాడు. "బండి తోలనివాళ్ళకి తెలీకపోవడం సహజమే. నట్టు బిగించాక నట్టు మీంచి చక్రం మీదికి ఒక గీత గీస్తారు. నట్టు వదులైతే గీత తెగి రెండు ముక్కలౌతుంది. పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. గురువుగారి అలవాటు ఇది. నాకు పని నేర్పింది ఆయనే. ఎనిమిదేళ్ళు ఇదే షెడ్డులో స్పానరు పట్టుకున్నాను, వాళ్ళింటి అన్నం తిన్నాను. అందుకే ఈ రిపోర్టు రాయాలంటే నాకు చెయ్యాడటం లేదు."

"మరి ఈ కుడి వెనక చక్రానికి గీతల్లేవే?"

"అదే నేను చెప్పేది! మర్చిపోయింది. రాసుకోండి ఇన్స్పెక్టర్ గారూ. చక్రం బిగించి గీత కూడా గియ్యని మనిషి లోపల ఇంకేం చూసి ఉంటుంది?"

పిల్ల దిగ్గున లేచింది. "అన్నయ్యా, అది..."

"నీ వంతొచ్చినప్పుడు మాట్లాడుదువు గాని, కూర్చో," అన్నాడు ఇన్స్పెక్టరు. నాలుగు చక్రాలకీ ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు.

అప్పుడు సర్వేయరు ఎడం వెనక చక్రం దగ్గర జాకీ పెట్టి, ఆరు నట్లూ విప్పి, చక్రం లాగి, డ్రమ్ము తీశాడు. నిజం చెప్పాలంటే ఆ పనితనం చూడముచ్చటగా ఉంది. ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టలేదు, ఒక్క నట్టు కింద పడనివ్వలేదు. లోపల డ్రమ్ముని పట్టి ఆపే బ్రేకు షూల మీద నల్లటి గ్రీజు మందంగా పేరుకుని ఉంది.

"చూడండి. ఇరుసు గ్రీజుని ఆపే రబ్బరు సీలు కారింది. గ్రీజు షూల మీదికొచ్చింది. ఈ చక్రం పట్టదు. దీని పని కూడా మిగతా మూడింటి మీద పడింది. నాలుగు కిలోమీటర్ల దిగుడు, వెనక రోలర్ బరువు. అవి కాలిపోయి, బ్రేకాయిలు మరిగి, పెడలు నేలకి దిగిపోయింది. ఇందులో అపరాధ పరిశోధన ఏముంది?"

నిదానం మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"గ్రీజు ఏ దారిన వచ్చింది?"

"అంటే?"

"సీలు మధ్యలో ఉంది. షూలు చివర్న ఉన్నాయి. సీలు చుట్టూ పొడిగా ఉంది. మా ఇంట్లో నూనె డబ్బా కారితే డబ్బా నుంచి గుమ్మం దాకా చార ఉంటుంది. ఇక్కడ చార లేదు. గుమ్మంలోనే నూనె ఉంది."

సర్వేయరు మొహం గట్టిపడింది. "వంటింటి లెక్కలు బ్రేకు డ్రమ్ములో పనిచెయ్యవండీ. చక్రం నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో మీకు తెలుసా? గ్రీజు ఎటు చిమ్ముతుందో తెలుసా? స్టీరింగు పట్టుకోవడం రాని మనిషి నాకు బ్రేకులు నేర్పుతున్నాడు!"

"నేర్పడం లేదు, అడుగుతున్నాను. మీరు కోప్పడుతున్నారు."

"కోపం కాదు, జాలి," అని సర్వేయరు చేతులు తుడుచుకుని, రిపోర్టు రాయడానికి ముందు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అప్పుడు రెండూ నలభై.

నిదానం ఇంకో స్టూలు లాక్కుని, కాళ్ళు చూసుకుని, పిల్లకి ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ బండి ఎంత తిరిగింది తల్లీ?"

"ఎనిమిది లక్షల నలభై ఒక్క వేల రెండొందల డెబ్బై."

నిదానం ఇంకో గుక్క గాలి కూడా పీల్చుకోవాల్సి వచ్చింది. చంద్రుడి దాకా వెళ్ళి, అక్కణ్ణించి తిరిగొచ్చి, ఇంకో డెబ్బై వేలు అటూ ఇటూ తిరిగినంత! అదీ ఉత్తినే కాదు, వెనక టన్నుల కొద్దీ బరువు ఈడ్చుకుంటూ.

"ఒకే ఇంజనుతోనా?"

పిల్ల మొదటిసారి తలెత్తింది. "అటు చూడండి బాబాయ్."

వెనక గోడకి ఈ చివర నుంచి ఆ చివర దాకా చెక్క అరలున్నాయి. అరల నిండా బొటనవేలంత గాజు సీసాలు, ఒక్కోదాంట్లో నల్లటి ఆయిలు. ఒక్కో సీసాకి ఒక కాగితం ముక్క, దాని మీద అంకె. ఎనిమిది వేలు. పదహారు వేలు. ఇరవై నాలుగు వేలు. అలా నూట అయిదు సీసాలు.

"పుస్తకంలో పదిహేను వేలకి ఆయిలు మార్చమని ఉంటుంది. అది ఖాళీగా తిరిగే బండికి. బరువు లాగే బండికి ఎనిమిది వేలే. మార్చినప్పుడల్లా పాత ఆయిలు కొంచెం సీసాలో పోసి ఉంచుతాం. ఒక చుక్క తెల్ల కాగితం మీద రుద్ది ఎండలో చూస్తాం. మెరుపు కనిపించిందంటే లోపల ఎక్కడో ఇనుము అరుగుతున్నట్టు."

"ఎప్పుడైనా కనిపించిందా?"

"నాలుగు లక్షల దగ్గర ఒకసారి. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. పొద్దున్నే ఇంజను దింపి, అరుగుతున్న బేరింగు మార్చాం. మళ్ళీ కనిపించలేదు."

నిదానం అరల దగ్గరికి వెళ్ళాడు. మొదటి సీసాల మీద పెద్దాయన అక్షరాలు, ఒరిగిపోయి ఉన్నాయి. మూడు లక్షల పన్నెండు వేల దగ్గర అక్షరాలు ఉన్నట్టుండి గుండ్రంగా, చిన్నపిల్ల రాసినట్టు మారాయి. అక్కణ్ణించి ఆ గుండ్రటి అక్షరాలే ఏడాదికేడాది కుదురుకుంటూ చివరిదాకా వచ్చాయి. ఒక్క అంకె తప్పలేదు, ఒక్క సీసా ఖాళీ లేదు. నిదానం గుడిలో నిలబడ్డవాడిలా చెప్పులు విప్పబోయి, షెడ్డులో ఉన్నానని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఇన్నేళ్ళ పనిలో ఎందరి ఇళ్ళో సోదా చేశాడు. ఒక యంత్రాన్ని ఇంత ప్రేమగా చూసుకున్న మనుషుల్ని అతను ఎక్కడా చూడలేదు.

"ఇక పొద్దున్న ఏం జరిగిందో చెప్పు."

"నేను అక్కడ లేను. బండి చెప్తుంది, రండి." పిల్ల కిటికీలోంచి లోపలికి చూపించింది. "గేరు రెండులో ఉంది. బ్రేకు పోయిన బండి నాలుగులో పరిగెడుతుంటే రెండులోకి దింపడం మాటలు కాదు. ఇంజను పట్టి ఆపాడు నాన్న. హ్యాండు బ్రేకు చివరిదాకా లాగేసి ఉంది. కింద మలుపులో రోడ్డు మీద జనం ఉన్నారట. అటు పోకుండా, రోడ్డు పనికి పోసిన కంకర గుట్టలోకి తిప్పాడు. అదీ తిన్నగా. ఒక్క వేలెడు వంకర తిప్పినా ట్రైలర్ అడ్డం తిరిగి అందరి మీదా పడేది." నలిగిన బంపరు వైపు తిరిగింది. "నలభై సెకన్లు ఉండి ఉంటుంది బాబాయ్. అంత సేపట్లో ఇవన్నీ వరసగా చేశాడు. అద్దానికి తల కొట్టుకున్నది చివర్న."

ఇన్స్పెక్టరు కూడా ఎప్పుడు దగ్గరికొచ్చాడో వచ్చి నిలబడ్డాడు. ఆ నలిగిన బండి ముందు ముగ్గురూ అలాగే నిలబడిపోయారు.

"కుడి చక్రానికి గీత మర్చిపోయావా?" అన్నాడు నిదానం చివరికి.

"మర్చిపోలేదు. గియ్యకూడదు."

"అదేమిటి?"

"నిన్న సాయంత్రం వెనక రెండు చక్రాలూ విప్పాను. షూలు మార్చాను, సీళ్ళు మార్చాను, బిగించాను. కొత్తగా బిగించిన చక్రం బరువు మీద వంద కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుంది, నట్లు కొంచెం వదులౌతాయి. అప్పుడు ఆగి మళ్ళీ బిగించాలి. గీత గీసేది అప్పుడే. ముందే గీస్తే పని అయిపోయిందని మనల్ని మనం మోసం చేసుకున్నట్టు. ఇదివరకు నాన్న బిగించగానే గీసేసేవాడు. ఆరేళ్ళ కిందట అలాగే ఒక చక్రం ఊడిపోబోయింది. వారం రోజులు పోట్లాడి ఆ అలవాటు మాన్పించాను. 'నా చెయ్యి నా మాట వినదే' అనేవాడు. ఇప్పటికీ స్పానరు కింద పెట్టగానే చెయ్యి జేబులో పెయింటు పెన్ను దగ్గరికి పోతుంది ఆయనకి."

"ఇప్పుడు చెప్తున్నావు. రుజువేదీ?" అన్నాడు ఇన్స్పెక్టరు. కానీ గొంతులో ఇందాకటి బిరుసు లేదు.

"బానెట్ ఎత్తండి."

ఎత్తారు. బానెట్ లోపలి వైపు రేకంతా చిన్న చిన్న అక్షరాలు, వరస తర్వాత వరస. ఏ నట్టు ఎప్పుడు, ఏ గొట్టం ఎప్పుడు, ఏ వడపోత ఎప్పుడు మార్చారో అంతా ఉంది. చివరి వరస ఇన్స్పెక్టరే పైకి చదివాడు. "8,41,208. వెనక రెండు చక్రాలు. షూలు, సీళ్ళు కొత్తవి. 8,41,308కి బిగించి గీత గియ్యాలి."

"మీటరు మీద ఇప్పుడెంత?"

"8,41,270. అరవై రెండు కిలోమీటర్లే తిరిగింది."

నిదానం గాలి పీల్చుకున్నాడు. "అయితే కుడి చక్రం ఎలా ఉండాలో అలాగే ఉంది. ఉండకూడనట్టు ఉన్నది ఎడం చక్రం. ఇన్స్పెక్టర్ గారూ, ఇందాక తీసిన ఫోటో చూడండి."

ఫోటోలో ఎడం వెనక చక్రం. ఆరు నట్లు. ఆరు పసుప్పచ్చ గీతలు.

పిల్ల ఆ ఫోను దగ్గరికి లాక్కుని చూసింది. "ఇవి నావి కావు. నాన్నవీ కావు. నా తర్వాత ఎవరో ఈ చక్రం విప్పారు!"

"విప్పి, షూల మీద గ్రీజు పూసి, మళ్ళీ బిగించారు," అన్నాడు నిదానం. "బిగించాక గీత గీశారు, ఎవరూ గియ్యమనకపోయినా. ఎంత అలవాటో చూడండి."

ఇన్స్పెక్టరు అప్పుడే వేబ్రిడ్జికి ఫోన్ కలిపాడు. అక్కడి గుమాస్తా ఆలోచించి చెప్పాడు. అవును, పికప్పు గోడవారగా ఆపి ఉంది. పెద్దాయన లోపల వరసలో ఉన్నప్పుడు గోడకీ బండికీ మధ్య నీలం టోపీ మనిషెవరో జాకీ పెట్టుకుని కూర్చున్నాడు. రిపేరు మనిషనుకున్నాడు. చక్రం విప్పేవాడి మొహం ఎవరు చూస్తారండీ, అన్నాడు.

మూడూ పదికి ముందు గది తలుపు తెరుచుకుంది. సర్వేయరు రిపోర్టు తెచ్చి ఇన్స్పెక్టరు చేతిలో పెట్టాడు. పిల్ల వైపు చూసి కళ్ళు దించుకున్నాడు.

"నన్ను క్షమించు చెల్లీ. ఉన్నదే రాయాల్సొచ్చింది."

నిదానం నోరు తెరవబోతున్న ఇన్స్పెక్టరు మోచెయ్యి మెల్లగా నొక్కాడు. "సర్వేయరు గారూ, ఆ చక్రం బిగించేస్తారా? జాకీ మీద బండి అలా ఉంటే నాకు భయమేస్తోంది. అమ్మాయి ముట్టుకోకూడదు, నాకా చేతకాదు." ఆ మాట ఎందుకన్నాడో ఆ క్షణాన అతనికే పూర్తిగా తెలియదు.

"మీకు చేతనైంది ఏదైనా ఉందా అసలు?" అని సర్వేయరు నవ్వి, చక్రం ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే పిల్ల ఫోను మోగింది. విన్నది, విన్నది, ఒక్కసారిగా నేల మీద కూలబడి ఏడ్చేసింది.

"నాన్న కళ్ళు తెరిచాడట! అమ్మని పేరు పెట్టి పిలిచాడట!"

ఇన్స్పెక్టరు టోపీ తీసి నెత్తి తుడుచుకున్నాడు. నిదానం స్టూలు కాళ్ళు చూసుకోకుండానే కూర్చున్నాడు. ఎప్పుడూ చూడని ఆ పెద్దాయన కోసం తన కళ్ళు తడిసినందుకు అతనికే ఆశ్చర్యంగా ఉంది. వెనక స్పానరు టకటకలు వినిపించి ఆగిపోయాయి.

"నే ముందు వెళ్తాను చెల్లీ, బైకు బయటే ఉంది," అన్నాడు సర్వేయరు చేతులు తుడుచుకుంటూ. "నన్ను చూస్తే ఆయనకి సగం జబ్బు పోతుంది. నువ్వు మొహం కడుక్కుని, వీళ్ళు వదిలాక రా."

"థాంక్స్ అన్నయ్యా," అంది పిల్ల ఏడుస్తూనే, నవ్వుతూనే.

బైకు చప్పుడు వీధి మలుపు దాటింది. అప్పుడు మూడూ ఇరవై.

ఇన్స్పెక్టరు రిపోర్టు మొదటి పేజీ చదివాడు, రెండో పేజీ చదివాడు. పిల్ల మొహం కడుక్కుని వచ్చింది. ఆసుపత్రికి తనూ వస్తానని నిదానం లేచి, గొడుగు కోసం బండి ముందుకి వెళ్ళి, దాన్ని తీసుకుని, బండి ఎడం పక్కనుంచే వెనక్కొచ్చాడు. వెనక చక్రం దగ్గర కాలు ఆగిపోయింది.

"అమ్మాయ్, ఇలా రా."

ఆరు నట్లు. ఆరు పసుప్పచ్చ గీతలు. నట్టు మీంచి చక్రం మీదికి, ఒకే కొలతలో, తడితడిగా మెరుస్తున్నాయి.

పిల్ల వంగి ఒక గీత మీద వేలు పెట్టింది. వేలికి పసుప్పచ్చ రంగు అంటుకుంది. ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది.

"కుడి చక్రానికి గీతల్లేవని ఇందాక నన్ను తప్పుపట్టాడు," అంది నెమ్మదిగా. "కొత్త పద్ధతి అన్నయ్యకి తెలీదు. అన్నయ్య మా షెడ్డు వదిలేసి తొమ్మిదేళ్ళైంది."

"ఆ సంతకం కూడా అతనిదే అయ్యుంటుంది," అన్నాడు నిదానం. "అందుకే మీ అమ్మకి అన్నం సహించదన్నాడు మీ నాన్న. ఇంట్లో అన్నం తిన్నవాడు కదా." ఆ నాలుగు మాటలకి ఆగినందుకు జీవితంలో మొదటిసారి తన నిదానం మీద తనకే ఒళ్ళు మండింది. "ఆసుపత్రి ఎంత దూరం?"

"బైకు మీద పది నిమిషాలు."

గడియారంలో మూడూ ముప్పై ఎనిమిది. ఇన్స్పెక్టరు అప్పటికే జీపు వైపు పరిగెడుతూ వార్డుకి ఫోన్ కలిపాడు. స్పీకరు పెట్టాడు. మోగింది. మోగుతూనే ఉంది. పిల్ల రంగు వేలు పిడికిట్లో బిగించుకుని జీపు ఎక్కింది. ఆరోసారి మోగాక ఎవరో ఎత్తారు.

"వార్డేనా? నేను ఇన్స్పెక్టర్ని. సిస్టర్ని పిలవండి, త్వరగా!"

"నమస్కారం ఇన్స్పెక్టర్ గారూ," అంది అవతలి గొంతు, ఎంతో ప్రశాంతంగా. "సిస్టరు ఇప్పుడే బయటికెళ్ళింది. అమ్మగారిని మందులకి నేనే కిందికి పంపాను. కంగారేం లేదు, గురువుగారి పక్కన నేనున్నాగా."